క్వాలిటీ మీది, కసూర్ మాదా?

బండి సర్వీసింగ్‌కి ఇచ్చి సాయంత్రం తెచ్చుకోవడానికి వెళ్తే, తాళం మీ చేతిలో పెడుతూ అక్కడి కుర్రాడు ఒక మాట చెప్తాడు. "సార్, రేపో ఎల్లుండో కంపెనీ నుంచి ఫోనొస్తుంది. పదికి పది చెప్పండి సార్. ఎనిమిది చెప్పినా మాకు ఇబ్బందే." మీరు నవ్వి సరేనంటారు. బండి తుడవలేదని లోపల కోపమున్నా, ఆ కుర్రాడి మొహం చూసి పదికి పది చెప్పేస్తారు.

ఆ మాట నేను ఆరేళ్ళు చెప్పాను దోస్తులారా. పటమటలో, ఆటోనగర్ గేటుకి దగ్గర్లో ఒక సర్వీస్ సెంటర్లో అడ్వైజర్‌గా పని చేశాను. దాని పేరు రాయను. ఒక్క దుకాణాన్ని బదనామ్ చేయడం కోసం కాదు ఇది. పక్క వీధిలో, పక్క ఊళ్ళో, పెద్ద పెద్ద కార్ఖానాల్లో కూడా ఇదే తమాషా నడుస్తోంది కాబట్టి రాస్తున్నాను.

ముందు ఆ పదికి పది ఎక్కడిదో చెప్తాను. 2003లో ఫ్రెడ్ రైకెల్డ్ అనే అమెరికా సలహాదారు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశాడు. కస్టమర్ని ఒకే సవాల్ అడగండి అన్నాడు: మమ్మల్ని మీ వాళ్ళకి సిఫారసు చేస్తారా? తొమ్మిదీ పదీ వేసినవాళ్ళు మన మనుషులు. ఏడూ ఎనిమిదీ వేసినవాళ్ళు లెక్కలో లేరు. ఆరూ, ఆ లోపూ వేసినవాళ్ళు మనకి వ్యతిరేకులు. కంపెనీ తన మొహం తాను చూసుకోవడానికి తయారుచేసుకున్న అద్దం అది. పటమట దాకా వచ్చేసరికి అది హెల్పర్ జీతం తెగ్గోసే కత్తి అయింది. అద్దం కత్తి అయిన రోజు నుంచి అందులో ఎవరి మొహమూ కనపడదు. కుర్రాళ్ళు బతిమాలి తెచ్చిన పదులే కనపడతాయి. పైవాళ్ళు ఆ పదులకి గ్రాఫు గీసుకుని, క్వాలిటీ పెరిగిందని మీటింగులో చప్పట్లు కొట్టుకుంటారు.

ఇది కుర్రాళ్ళ బేఇమానీ అనుకోకండి. ఇది వాళ్ళ జవాబ్. దీని అసలు రంగు తెలియాలంటే ఒక బ్రేక్ పైపు కథ చెప్పాలి. ఆ కథలో నేనూ ఉన్నాను. నా భాగం దాచుకోను.

* * *

ఒక ట్రావెల్స్ వాళ్ళ బండి వచ్చింది. మామూలు సర్వీసు, ఆయిలు మార్చాలి, అంతే. మా దగ్గర ముప్పై రెండు అంశాల చెక్‌షీటు ఉండేది. ప్రతి అంశం పక్కన రెండు గళ్ళు: బాగుంది, బాగోలేదు. కింద పని చేసినవాడి దస్తఖత్, దాని కింద అడ్వైజర్ది. ఆ రోజు షీటు పట్టుకున్నది పందొమ్మిదేళ్ళ పిల్లాడు. కానూరు వైపు నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. బండి కిందకి దూరి, ముందు ఎడమ చక్రం బ్రేక్ పైపు ఒకచోట ఉబ్బి ఉందని చూశాడు. వేలితో నొక్కి చూసి, బయటికొచ్చి సూపర్‌వైజర్‌కి చెప్పాడు. "సార్, పైపు పగిలేలా ఉంది."

స్టోర్‌లో ఆ పైపు లేదు. బండి ఐదింటికి ఇస్తామని మాటిచ్చాం. ఆలస్యమైతే ఫోన్లో పది రాదు. సూపర్‌వైజర్ జాబ్ కార్డ్ చూశాడు. "ఇందులో బ్రేక్ కంప్లయింట్ ఉందా? లేదు కదా. టిక్ పెట్టి పంపు." పిల్లాడు నా వైపు చూశాడు. నేను కంప్యూటర్ వైపు చూశాను. వాడు 'బాగుంది' గడిలో టిక్ పెట్టాడు. దాని కింద నేను దస్తఖత్ పెట్టాను.

నాలుగో రోజు గుడివాడ రోడ్డులో ఆ బండి బ్రేకులు అందక కల్వర్టుకి గుద్దుకుంది. డ్రైవరుకి భుజం ఎముక విరిగింది. ప్రాణం దక్కింది, అల్లాకి షుక్ర్.

తర్వాత మా దగ్గర విచారణ జరిగింది. దానికీ ఒక క్వాలిటీ పద్ధతి ఉంది. 'ఐదు ఎందుకులు' అంటారు. టొయోటాలో తైచి ఓనో బాగా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. ఏదైనా తప్పు జరిగితే 'ఎందుకు' అని ఐదుసార్లు తవ్వుకుంటూ పోతే వేరు దొరుకుతుందని దాని ఉద్దేశం. మా మీటింగులో ఎలా తవ్వారో వినండి. పైపు ఎందుకు పగిలింది? మార్చలేదు కాబట్టి. ఎందుకు మార్చలేదు? చూడలేదు కాబట్టి. ఎందుకు చూడలేదు? హెల్పర్ శ్రద్ధగా లేడు కాబట్టి. ఎందుకు శ్రద్ధ లేదు? ట్రైనింగ్ సరిపోలేదు కాబట్టి. చర్య: హెల్పర్ని తీసేయడం, మిగతావాళ్ళకి గంటసేపు ట్రైనింగ్. ఐదో 'ఎందుకు' దాకా పోవాల్సిన అవసరం కూడా రాలేదు.

స్టోర్‌లో పైపు ఎందుకు లేదు? ఐదు గంటల వాదా ఎవరు చేశారు? చెప్పిన మాట ఎందుకు వినలేదు? ఈ మూడు ఎందుకులూ ఎవరి నోటి నుంచీ రాలేదు. సవాల్ కిందకే నడిచింది, పైకి ఒక్క మెట్టు ఎక్కలేదు. పిల్లాడికి రావాల్సిన పదకొండు రోజుల జీతం నష్టం కింద పట్టుకున్నారు. వాడు ఒక్కమాట అనబోయాడు. షీటు వాడి ముందు పెట్టారు. "ఇది నీ దస్తఖతేనా కాదా?"

వాడిదే. నాదీ ఉంది దాని కింద. నన్నెవరూ ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. ఆ ఖామోషీ బరువు ఇప్పటికీ నా మీద ఉంది.

* * *

ఇప్పుడు అసలు మాట. క్వాలిటీ అంటే పోస్టరు కాదు, షీటు కాదు, గోడకి తగిలించిన సర్టిఫికెట్ కాదు. "ఇది బాగోలేదు, ఆపండి" అని చెప్పే హక్కు ఎవరికుంది అన్నదే క్వాలిటీ. పని చేసే చేతికి ఆ హక్కు లేనప్పుడు, క్వాలిటీ పేరుతో మీరు నడిపేది నిగ్రానీ. తప్పు జరగకుండా చూడటం దాని పని కాదు. జరిగిన తప్పుని ఎవరి మెడకి చుట్టాలో ముందే రాసి పెట్టుకోవడం దాని పని.

ఈ మాట కొత్తగా నేను కనిపెట్టింది కాదు. క్వాలిటీ గురువుల్లో పెద్ద గురువు ఎడ్వర్డ్స్ డెమింగ్ జీవితమంతా చెప్పింది దాదాపు ఇదే. 1950లో జపాన్ వెళ్ళి అక్కడి ఇంజినీర్లకీ మాలిక్‌లకీ పాఠాలు చెప్పిన అమెరికన్ ఆయన. మన దగ్గర కన్సల్టెంట్లు ప్రతి ట్రైనింగులో ఆయన ఫోటో వేస్తారు, ఆయన చెప్పింది మాత్రం మింగేస్తారు. పనివాళ్ళలో భయం పోగొట్టండి అన్నాడు ఆయన. గోడల మీద నినాదాలు తీసేయండి అన్నాడు. అంకెల టార్గెట్లు, మనిషికి మార్కులేసే పద్ధతి మానండి అన్నాడు. మా సర్వీస్ సెంటర్లో గోడ మీద ఆయన ఫోటో, దాని పక్కనే 'ఈ నెల టార్గెట్' బోర్డు, ఆ పక్కన 'తప్పు చేయకు, తప్పు ఒప్పుకోకు, తప్పు పంపకు' అనే నినాదం. ఆయన బతికుండి అక్కడికొస్తే ముందు తన ఫోటో తీయించేవాడు.

డెమింగ్ ఒక ఖేల్ ఆడించేవాడు. ఒక పెట్టెలో నాలుగు వేల పూసలు. అందులో 800 ఎర్రవి, మిగతావి తెల్లవి. యాభై గుంటలున్న ఒక పలక ఇస్తాడు. పలకని పెట్టెలో ముంచి తీయాలి, తెల్లపూసలే రావాలి, ఎర్రపూస వస్తే డిఫెక్ట్. సభలోంచి కొందరిని పిలిచి కూలీలుగా పెట్టేవాడు. ఒకడికి ఎనిమిది ఎర్రపూసలొస్తాయి, ఒకడికి పన్నెండు. తక్కువ వచ్చినవాడిని పొగుడుతాడు, ఎక్కువ వచ్చినవాడిని తిడతాడు. రెండో విడతలో పొగడ్త తిన్నవాడికే ఎక్కువ వస్తాయి. జనం నవ్వుతారు. కూలీ ఎంత కష్టపడినా, ఎంత భయపడినా, పెట్టెలో ఎర్రపూసలున్నంతసేపూ పలకలోకి వస్తూనే ఉంటాయి. పెట్టె నింపింది కూలీ కాదు కదా. మా పిల్లాడు పలక ముంచినవాడు. పైపు లేని స్టోరు, ఐదు గంటల వాదా, పదికి పది ఫోను, ఇవన్నీ పెట్టెలో ముందే పోసిన ఎర్రపూసలు.

టొయోటా గురించి కూడా ఒక మాట. అక్కడ లైను పొడుగునా పైన ఒక తాడు ఉండేది. ఆండాన్ అంటారు ఆ ఏర్పాటుని. ఏ మజ్దూర్‌కైనా తేడా కనిపిస్తే ఆ తాడు లాగొచ్చు. టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు. సమస్య తీరకపోతే లైనే ఆగుతుంది. టొయోటా జన్నత్ అని నేననను. సతోషి కమాతా అనే జపాన్ జర్నలిస్టు 1972లో అక్కడ సీజనల్ కూలీగా చేరి, ఆ లైను వేగం మనిషిని ఎలా పిండేస్తుందో ఏకంగా ఒక కితాబ్ రాశాడు. కానీ ఆ తాడు విషయం గమనించండి. మన కంపెనీలు టొయోటా నుంచి ఎర్ర ట్యాగులు తెచ్చుకున్నాయి, నేల మీద పసుపు గీతలు తెచ్చుకున్నాయి, సద్దుకో సర్దుకో శుభ్రం చేసుకో అనే ఐదు 'ఎస్'లు తెచ్చుకున్నాయి, జపాన్ మాటలన్నీ తెచ్చుకున్నాయి. తాడు మాత్రం తేలేదు. మన పిల్లాడు నోటితో లాగిన తాడుని కూడా తెంపేశారు.

* * *

ఇక్కడ నా వాళ్ళకీ ఒక నిజం చెప్పాలి. లేకపోతే ఇది ఏకపక్షమైపోతుంది.

పాత ఆటోనగర్ బంగారం, కొత్త కంపెనీలు ఇనుము అని పాడే పాట నాకు నచ్చదు. మా మామూ ఆటోనగర్‌లో డెంటింగ్ ఉస్తాద్. ఆయన చేతిలో హునర్ ఉంది. తట్టి చప్పుడు వింటే చాలు, రేకు లోపల ఎక్కడ పుట్టీ పెట్టారో చెప్పేస్తాడు. పని నచ్చకపోతే బండి ఇవ్వడు. "రేపు రండి సాబ్, ఇంకా దిల్ మానలేదు" అంటాడు. ఓనరు ఎంత అరిచినా కదలడు. చూడండి, ఆపే హక్కు ఆయన చేతిలో ఉంది. అందుకే ఆయన పనికి షీటు అక్కర్లేకపోయింది.

కానీ అదే మామూ దగ్గర షాగిర్ద్‌కి ఆ హక్కు లేదు. పదేళ్ళ పిల్లల్ని పనిలో పెట్టుకున్న రోజులవి. పానా తప్పు ఇస్తే పానాతోనే కొట్టేవాళ్ళు. ఏళ్ళ తరబడి చాయ్ తెప్పించుకునేవాళ్ళు. అసలు కిటుకు మాత్రం చివరిదాకా దాచుకునేవాళ్ళు. ఉస్తాద్ తప్పు చేస్తున్నాడని కనపడినా షాగిర్ద్ నోరెత్తడం బేఅదబీ. మామూ వెల్డింగ్ చేస్తుండగా దగ్గర్లో పెయింట్ డబ్బా మూత తెరిచి ఉందని చెప్పబోయి, "నాకే నేర్పుతావా" అని తన్నులు తిన్న షాగిర్ద్ నాకు తెలుసు. అది కూడా తాడు లేని కార్ఖానాయే. జుల్మ్ మనవాడు చేస్తే తర్బియత్, కంపెనీ చేస్తే దోపిడీ అంటే ఇన్సాఫ్ కాదు.

కాబట్టి రాసిపెట్టుకునే పద్ధతి, కొలిచే పద్ధతి నేను వద్దనను. టార్క్ రెంచ్ మంచిదే. బోల్టు ఎంత బిగించాలో ఉస్తాద్ మణికట్టులో దాగి ఉండేకంటే అందరూ చూసే కాగితం మీద ఉండటమే నయం. ఇల్మ్ పంచుకుంటే షాగిర్ద్ తన్నులు తినక్కర్లేదు. నా తగువు కాగితంతో కాదు. దాన్ని ఎవరు రాస్తారు, ఎవరు నింపుతారు, ఎవరి మీద వాడతారు అన్నదాంతో.

* * *

కన్సల్టెంట్ సాబ్‌లు ట్రైనింగుల్లో ఒక మాట అలవాటుగా అంటారు. "మన వర్కర్లకి మార్పు అంటే పడదు. బద్ధకం. షీటు కూడా సరిగ్గా నింపరు."

షీటు ఎందుకు నింపరో నేను చెప్తాను. బెంజ్ సర్కిల్ వైపు ఏ మాల్‌కైనా వెళ్ళండి, బాత్రూమ్ తలుపు వెనక ఒక చార్ట్ చూడండి. గంటగంటకీ ఒక గడి, గడికో సంతకం. మధ్యాహ్నం పన్నెండుకి చూస్తే సాయంత్రం ఆరు దాకా సంతకాలు పడి ఉంటాయి ఒక్కోసారి. చూసి నవ్వుకుంటాం. ఆ సంతకాలు పెట్టిన అమ్మ మూడు అంతస్తులు ఒక్కతే తుడవాలని ఎవరూ అడగరు. గంటకోసారి ఆరు బాత్రూములు తిరగడం కుదరదని సూపర్‌వైజర్‌కి తెలుసు, మేనేజర్‌కి తెలుసు, ఆ అమ్మకి తెలుసు. గడి ఖాళీగా ఉంటే మాత్రం జీతం కోత. అందుకని పొద్దున్నే అన్నీ నింపేస్తుంది. ఆ చార్టులో అబద్ధం ఆమెది కాదు. అబద్ధం చార్ట్ గీసినవాడిది. ఆమె దాని మీద దస్తఖత్ మాత్రమే చేసింది.

దీన్నే నేను ముజాహిమత్ అంటాను, ప్రతిఘటన. జెండా లేని ప్రతిఘటన. యూనియన్ పెట్టుకోనివ్వరు, నోరెత్తితే రేపట్నుంచి రావద్దంటారు. అప్పుడు మనిషి చేతిలో మిగిలేది ఆ కలమే. అబద్ధపు టిక్కు, బతిమాలిన పది, ఆడిట్ రోజు మాత్రమే వేసుకునే బూట్లు. మా దగ్గర ఆడిట్ వచ్చే ముందు రోజు పాత పనిముట్లన్నీ వెనక గేటు దగ్గర తార్పాలిన్ కింద దాచేవాళ్ళం. రోల్స్‌లో పేరు లేని హెల్పర్లకి "రేపు రావద్దు" అని చెప్పేవాళ్ళం. ఆ రోజు వాళ్ళకి కూలీ లేదు. ఆడిటర్ వచ్చి, కళకళలాడే షెడ్ చూసి, చాయ్ తాగి, మెచ్చుకుని వెళ్ళేవాడు. మనుషుల్ని దాచి సంపాదించిన సర్టిఫికెట్ అది.

కానీ ఈ చాలాకీని గొప్ప చేసి చెప్పను. ఇందులో జహర్ ఉంది. అబద్ధపు టిక్కు మజ్దూర్‌ని ఆ రోజుకి కాపాడుతుంది, మర్నాడు వాడినే పట్టిస్తుంది. మా పిల్లాడి విషయంలో జరిగింది అదే. నిజం చెప్పినందుకు ఎక్కడా రికార్డు లేదు. బలవంతంగా రాయించిన అబద్ధానికి వాడి దస్తఖత్ ఉంది.

* * *

ఇది పటమట షెడ్ల కథే అనుకునేవాళ్ళు మన సర్కారీ బడి వైపు చూడండి. మొన్నటి ప్రభుత్వ కాలంలో టీచర్లు బాత్రూమ్ ఫోటోలు తీసి యాప్‌లో పెట్టాల్సి వచ్చింది. మధ్యాహ్న భోజనం లెక్కలకీ, పారిశుధ్యానికీ కలిపి ఆ యాప్. బడి శుభ్రంగా ఉండాలి, అందులో ఎవరికీ పేచీ లేదు. కానీ ఫోటో పంపిన పంతులుకి నీళ్ళు తెప్పించే అధికారం ఉందా? తుడిచే ఆయాకి సరైన జీతమిచ్చే అధికారం ఉందా? లేదు. కుళాయి రాకపోతే పైవాడిని నిలదీసే గడి ఆ యాప్‌లో లేదు. 2022లో సొంత ఫోన్లో మొహం చూపించి హాజరు వేసుకోమన్నప్పుడు టీచర్ల సంఘాలు అడ్డం తిరిగాయి. 2024లో ప్రభుత్వం మారాక బాత్రూమ్ ఫోటోల పని తప్పించారు. వాళ్ళకి సంఘం ఉంది కాబట్టి కనీసం గొంతు వినపడింది. మాల్‌లో బాత్రూమ్ తుడిచే అమ్మకి ఏ సంఘముంది?

సంఘం ఉన్నచోట క్వాలిటీ ఎలా ఉంటుందో మన తెలుగు నేల మీదే ఒక మిసాల్ ఉంది. దేశంలో మొదటి క్వాలిటీ సర్కిళ్ళు మొదలైంది హైదరాబాద్ పక్కన రామచంద్రాపురం బిహెచ్ఈఎల్‌లో, 1980లో. జపాన్‌లో ఇషికావా పూనికతో 1962లో మొదలైన పద్ధతి అది. ఒకే చోట పనిచేసే పదిమంది లోపు మనుషులు తమ ఇష్టంతో, వారానికో గంట కూర్చుంటారు. ఏ సమస్య తీసుకోవాలో వాళ్ళే నిర్ణయిస్తారు. దానికి దారి వాళ్ళే వెతుకుతారు, పైవాళ్ళ ముందు వాళ్ళే నిలబడి చెప్తారు. 1982లో దేశమంతటికీ క్వాలిటీ సర్కిల్ ఫోరం ఏర్పడిందీ హైదరాబాద్‌లోనే. అంటే ఈ విద్యకి మన దేశంలో పుట్టిల్లు మన దగ్గరే.

అది అక్కడ ఎందుకు వేళ్ళూనుకుంది? నా లెక్కలో జవాబ్ సీదాసాదాగా ఉంది. అక్కడి కార్మికుడిది పర్మినెంటు ఉద్యోగం. వెనక యూనియన్ ఉంది. సమస్య చెప్తే రేపు గేటు మూస్తారన్న భయం లేదు. భయం లేని మనిషి నిజం చెప్తాడు. నిజం దొరికితే క్వాలిటీ దానంతటదే వస్తుంది. ఇప్పుడు అదే పద్ధతిని తీసుకొచ్చి, ఏజెన్సీ ద్వారా పదకొండు నెలల కాంట్రాక్టు మీద పెట్టుకున్న కుర్రాళ్ళ నెత్తిన వేస్తున్నారు. ఇష్టంతో కూర్చోవాల్సిన సర్కిల్‌కి హాజరు పట్టీ పెట్టారు. నెలకి ఇద్దరు మూడు 'సూచనలు' ఇవ్వాలని కోటా పెట్టారు. మా దగ్గర ఒకడు ప్రతి నెలా 'బల్బు మార్చాలి' అని రాసి వేసేవాడు. బల్బు ఏనాడూ మారలేదు, సూచనల లెక్క మాత్రం పూర్తయ్యేది.

* * *

ఈ తాడు లేకపోవడం ఒక భుజం ఎముకతో పోతే పోనీ అనుకోవచ్చు. పోదు.

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో సిగాచి కార్ఖానా పేలిపోయింది. మందు బిళ్ళల్లో కలిపే సెల్యులోజ్ పొడి తయారుచేసే చోటు. యాభైమందికి పైగా ప్రాణాలు పోయాయి. కొందరి ఆనవాళ్ళు కూడా దొరకలేదు. ఎక్కువమంది బిహార్, ఒడిశా లాంటి చోట్ల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన మజ్దూర్లు. చనిపోయిన ఒకాయన కుటుంబం పోలీసులకిచ్చిన ఫిర్యాదులో, మెషీన్లు పాతవైపోయాయని ఆయన మేనేజ్‌మెంట్‌కి ఎన్నోసార్లు చెప్పినా వినలేదని ఆరోపించింది. నిజానిజాలు కోర్టులు తేల్చాలి. కానీ ఆ ఫిర్యాదు చదివినప్పుడు నా చెవిలో మా పిల్లాడి గొంతే వినపడింది. "సార్, పైపు పగిలేలా ఉంది."

మందు బిళ్ళలోకి వెళ్ళే పొడికి ఎన్ని పరీక్షలుంటాయో ఆలోచించండి. తేమ ఎంత, రేణువు సైజు ఎంత, కల్తీ ఎంత. బ్యాచ్ బ్యాచ్‌కీ రికార్డు. కొనేవాడి ఒంటికి హాని జరగకూడదని ఇన్ని కాగితాలు. మంచిదే. ఆ పొడి పక్కన నిలబడ్డ మనిషి మాటకి మాత్రం ఒక్క గడి లేదు. వస్తువు క్వాలిటీ సముద్రాలు దాటి వెళ్ళాలి, మనిషి ప్రాణం గేటు దాటి ఇంటికి వెళ్ళకపోయినా పర్వాలేదు!

చట్టంలో తాడు లేదా అంటే ఉంది. భోపాల్ గ్యాస్ 1984లో వేలమందిని చంపాక, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి కొత్త సెక్షన్లు చేర్చారు. ప్రమాదకరమైన పని నడిచే ఫ్యాక్టరీలో, ముప్పు దగ్గర్లో ఉందని కార్మికుడికి అనిపిస్తే యాజమాన్యానికి చెప్పొచ్చు, వాళ్ళు వెంటనే కదలాలి అని 41హెచ్ సెక్షన్ చెప్పేది. సేఫ్టీ కమిటీలో కార్మికులూ యాజమాన్యమూ సమానంగా ఉండాలని 41జి సెక్షన్ చెప్పేది. వేలమంది శవాల మీద నిలబడి సంపాదించుకున్న తాడు అది. దాన్ని కాంట్రాక్టు మజ్దూర్ లాగగలడా? లాగితే మర్నాడు గేటు లోపలికి రానిస్తారా? ఉద్యోగానికి భరోసా లేని చోట హక్కు కాగితం మీదే ఉంటుంది.

జీతం కోత విషయంలోనూ ఇంతే. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం నుంచీ ఇప్పుడొచ్చిన వేతనాల కోడ్ దాకా ఒకటే మాట: జరిమానా జీతంలో 3 శాతం దాటకూడదు, నష్టం కింద పట్టుకోవాలంటే ముందు ఆ మనిషి మాట వినాలి. మా పిల్లాడి పదకొండు రోజుల జీతం తెగ్గోసినప్పుడు ఈ సంగతి ఆ గదిలో ఒక్కరూ ఎత్తలేదు. నాకు తెలియదని చెప్పుకుని తప్పించుకోవచ్చు. తెలుసుకోవాలని కూడా నేననుకోలేదు, అది అసలు నిజం.

* * *

చిన్న మాలిక్‌లు నన్ను తిట్టుకుంటారని తెలుసు. "మా మీద పడతావేం భాయ్, పెద్ద కంపెనీ మా నెత్తిన కూర్చుంది. వాడు రేటు తగ్గిస్తాడు, టైము తగ్గిస్తాడు, డిఫెక్ట్ సున్నా కావాలంటాడు." నిజమే. లేతు షాపు పెట్టుకున్నవాడు కూడా పెద్దవాడి ముందు షీటు నింపే హెల్పరే. కేంద్ర సర్కారు జెడ్ అని ఒక సర్టిఫికెట్ పెట్టింది, బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని మూడు మెట్లు. 2022 నుంచి ఫీజులో చిన్నవాటికి 80 శాతం దాకా రాయితీ కూడా ఇస్తోంది. తీసుకోండి, వద్దనను. కానీ పైవాడు మీ మాట వినడం లేదని ఏడ్చే మీరు, కిందవాడి మాట ఎప్పుడు విన్నారు? జుల్మ్ పైనుంచి కిందకి జారుతూ వస్తుంది. మధ్యలో ఉన్న ప్రతివాడూ "నేనూ మజ్‌బూర్‌నే" అంటే, అది చివరికి పందొమ్మిదేళ్ళ పిల్లాడి దగ్గర ఆగుతుంది. వాడి కింద ఇంకెవరూ లేరు కాబట్టి.

క్వాలిటీ కావాలనే మాలిక్‌లకి నా మాట ఇది. షీటులో మూడో గడి పెట్టండి: 'చెప్పాను, వినలేదు'. ఎవరికి చెప్పాడో, ఎన్ని గంటలకి చెప్పాడో అందులో రాయనివ్వండి. విన్నవాడి దస్తఖత్ కూడా తీసుకోండి. బండి ఆపే హక్కు దాని కింద పడుకుని చూసినవాడికి ఇవ్వండి, అలా ఆపినందుకు ఒక్క రూపాయి కోయకండి. 'ఎందుకు' అనే సవాల్‌ని మీ గది తలుపు దాకా రానివ్వండి. ఆడిట్ రోజు హెల్పర్లని దాచకండి, ఆడిటర్‌తో వాళ్ళని ఒంటరిగా మాట్లాడనివ్వండి. వాళ్ళు సంఘం పెట్టుకుంటామంటే అడ్డం పడకండి. ఒక్కడు లాగితే ఆ తాడు తెగుతుంది, పదిమంది పట్టుకుంటేనే నిలుస్తుంది. ఇవేవీ చేయలేమంటారా? అయితే గోడ మీది పోస్టర్లు దించేయండి. కనీసం ఆ ఫరేబ్ అయినా తగ్గుతుంది.

దోస్తులారా, మీకూ ఒక మాట. ఈసారి కంపెనీ నుంచి ఫోనొస్తే పదికి పది ఇవ్వండి, ఆ కుర్రాడి కడుపు కొట్టకండి. కానీ ఫోను పెట్టేసే ముందు ఒకటి అడగండి: "బాగోలేదని మీ హెల్పర్ చెప్తే, బండి ఆపుతారా?" అవతలివాళ్ళ దగ్గర దానికి గడి ఉండదు. అయినా అడగండి. పదిమంది, వందమంది అడిగితే ఎక్కడో ఒక గడి పుడుతుంది.

ఆ పిల్లాడు ఇప్పుడు ఆటోనగర్‌లోనే సొంతంగా రోడ్డు పక్క పంక్చర్లూ చిన్న రిపేర్లూ చేసుకుంటున్నాడు. మొన్న నా బండి తీసుకెళ్ళాను. నన్ను గుర్తుపట్టాడు, సలాం చేశాడు. బండి చూసి, "భయ్యా, వెనక లైనర్ అయిపోయింది, ఇవాళ ఇవ్వను" అన్నాడు. నాకు పనుంది అన్నాను. "ఉంటే ఆటోలో వెళ్ళండి" అన్నాడు.

ఆటోలోనే వెళ్ళాను. ఆ రోజు నేను దస్తఖత్ పెట్టకుండా అనాల్సిన మాట వాడు నాతో అన్నాడు. వాడి దగ్గర షీటు లేదు, సర్టిఫికెట్ లేదు. ఆపే హక్కు ఒక్కటే ఉంది.